నర్సంపేట ఎరువుల దుకాణంలో ఏఐ: ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టొద్దు

నమస్తే అన్నా. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నర్సంపేటలో మీ నాన్నగారి కాలం నుంచి నడుస్తున్న ఎరువులు, విత్తనాలు, పురుగుమందుల దుకాణం మీది. చదువు పూర్తిచేసి వచ్చిన మీ అబ్బాయి మూడు పనులు ఏఐకి అప్పగిద్దాం అంటున్నాడు. వాట్సాప్‌లో రైతులు అడిగే ప్రశ్నలకు జవాబులివ్వడం, ఖాతాల లెక్కలు చూడటం, ఎవరికి ఉద్దెర, అంటే అప్పు మీద సరుకు, ఇవ్వొచ్చో తేల్చడం. ఒక కంపెనీ వాళ్లు వచ్చి నెలవారీ ఫీజుకు అన్నీ చేసిపెడతామన్నారు. "వద్దంటే పిల్లాడి మనసు విరుగుతుంది, సరే అంటే దుకాణం పేరు పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది" అని రాశారు.

నేను 22 ఏళ్లుగా హన్మకొండలో ఉంటూ దుకాణాలకు బిల్లింగ్, స్టాక్ సాఫ్ట్‌వేర్ పెట్టే పని చేస్తున్నాను. వరంగల్ స్టేషన్ రోడ్డు హోల్‌సేల్ షాపుల నుంచి పరకాల, జనగామ, మహబూబాబాద్ దాకా తిరుగుతుంటాను. ఏనుమాముల మార్కెట్ అడ్తి దుకాణాలు కొన్ని ఉన్నాయి గానీ, ఎక్కువ భాగం మీలాంటి ఎరువుల దుకాణాలే. ఏఐ పని కూడా రెండు మూడేళ్లుగా చేస్తున్నాను. కాబట్టి తెలిసింది తెలిసినట్టు చెప్తాను.

మీ భయంలో అర్థం ఉంది, మీ అబ్బాయి ఉత్సాహంలోనూ అర్థం ఉంది. కాకపోతే మూడు పనుల్నీ ఒకే గాటన కట్టకండి. లెక్కల పని వెంటనే మొదలుపెట్టొచ్చు. రైతులకు జవాబుల పని చేయించొచ్చు, కానీ పంటకు మందు చెప్పే ఒక్క మెసేజ్ కూడా ఒక మనిషి చదివి చూడకుండా బయటికి పోకూడదు. ఉద్దెర ఎవరికివ్వాలన్న తీర్పు మాత్రం దాని చేతికి ఇవ్వకండి. ఎందుకో ఒక్కొక్కటిగా చెప్తాను. ముందు జవాబుల సంగతి. ఇందులో నేనే ఒకసారి తప్పు చేశాను.

ఒక దుకాణం, పేరు చెప్పను. మిర్చి తోటలు ఏపుగా ఉన్న నవంబరు నెల. ఆ దుకాణం వాట్సాప్ నంబరుకు రోజుకు 60, 70 మెసేజ్‌లు వస్తున్నాయి, యజమానికి ఊపిరాడటం లేదు. నేను ఏఐని కలిపి, జవాబులు వాటంతట అవే పోయేలా పెట్టాను. మొదటి వారం అందరికీ సంబరమే. దుకాణం ఎప్పుడు తెరుస్తారు, యూరియా వచ్చిందా, ఫలానా విత్తనం ఉందా, ఇలాంటివాటికి చకచకా జవాబులు పోతున్నాయి. తర్వాత ఒక రైతు వాయిస్ మెసేజ్ పెట్టాడు: "మిర్చికి కింది ముడత వచ్చింది, ఏం మందు కొట్టాలె?"

మీకు చెప్పక్కర్లేదు, అయినా మీ అబ్బాయి చదువుతాడని రాస్తున్నాను. ఆకు అంచులు పైకి లేచి పడవలా ముడుచుకుంటే పై ముడత, అది తామర పురుగుల పని. అంచులు కిందికి వంగి, పడవ బోర్లించినట్టు కనిపించి, కాడ సాగితే కింది ముడత, అది నల్లి పని. రెండింటి మందులు వేరు. తామర పురుగుకు కొట్టే మందుల్లో చాలావరకు నల్లి మీద పనిచేయవు. ఏఐ 'ముడత' అన్న మాట పట్టుకుంది, 'కింది' అన్న మాట వదిలేసింది. తామర పురుగు మందు పేరు, మోతాదు, కొట్టాల్సిన సమయం, అన్నీ తప్పు లేని తెలుగులో రాసి పంపింది. రైతు ఆ మెసేజ్ తీసుకొచ్చి కౌంటర్ దగ్గర చూపించాడు. గుమాస్తా మన నంబరు నుంచి పోయిన మెసేజే కదా అని మందు తీసి ఇచ్చాడు.

పది రోజుల తర్వాత ఆ రైతు తువ్వాలలో కొన్ని ఆకులు మూటగట్టుకొని వచ్చి కౌంటర్ మీద పరిచాడు. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. యజమాని ఒక ఆకు తీసి వెలుతురుకు పెట్టి, వెనక్కి తిప్పి చూసి, మాట్లాడకుండా కూర్చుండిపోయాడు. మూడెకరాలకు మందు ఖర్చు, కూలీ ఖర్చు పోయాయి, పైగా పది రోజులు నల్లి తిన్నంత తిన్నది. రైతు గొడవ చేయలేదు. "మీ దుకాణం చెప్పిందనే కొట్టిన సేటూ" అన్నాడు, అంతే. యజమాని సరైన మందు ఉచితంగా ఇచ్చి, కొట్టుడు కూలీ కూడా ఇచ్చాడు. ఆ రాత్రే నేను ఆటోమేటిక్ జవాబులు ఆపేశాను.

ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. మిషన్ చెప్పిందని ఆయన అనలేదు, మీ దుకాణం చెప్పింది అన్నాడు. మీ నంబరు నుంచి పోయిన ప్రతి మాటా మీ మాటే. రైతు లెక్క అది, చట్టం లెక్కా అదే. కెనడాలో ఒక విమాన సంస్థ విషయంలో ఇదే తేలింది. ఎయిర్ కెనడా వెబ్‌సైట్‌లో జవాబులిచ్చే చాట్‌బాట్ ఒక ప్రయాణికుడికి, ఇంట్లో చావు జరిగితే ఇచ్చే టికెట్ రాయితీ గురించి తప్పు చెప్పింది. ఆయన అది నమ్మి టికెట్ కొని, తర్వాత నష్టపోయి కేసు వేశాడు. చాట్‌బాట్ వేరు, మేం వేరు, దాని మాటలకు అదే బాధ్యత వహించాలి అన్నట్టుగా కంపెనీ వాదించింది. 2024 ఫిబ్రవరిలో అక్కడి ట్రిబ్యునల్ ఆ వాదన ఒప్పుకోలేదు. వెబ్‌సైట్‌లో ఉన్నదంతా కంపెనీ బాధ్యతే అని చెప్పి పరిహారం ఇప్పించింది. అంత పెద్ద సంస్థకే ఆ సాకు పనికిరాలేదు. నర్సంపేటలో మీ కౌంటర్ ముందు అసలే పనికిరాదు.

ఈ తప్పు ఎందుకొస్తుందో మీ అబ్బాయికి తెలియాలి, లేకపోతే "కొత్త వెర్షన్ వచ్చింది, ఇప్పుడు సరిగ్గా చెప్తుంది" అంటాడు. చాట్‌జీపీటీ గానీ జెమిని గానీ, కోట్ల పేజీలు చదివి, ఒక మాట తర్వాత ఏ మాట రావడానికి అవకాశం ఎక్కువో అంచనా వేసి వాక్యం అల్లుతుంది. తెలిసినా తెలియకపోయినా ఒకే ధీమాతో చెప్తుంది. అది చదివినదాంట్లో ఇంగ్లిష్ సముద్రమంత, తెలుగు చెరువంత. ఆ తెలుగులోనూ మన ఓరుగల్లు మాట ఒక బిందెడు ఉంటుందేమో. మన రైతు మొక్కజొన్న గురించి "మక్కలకు ఏమెయ్యాలె" అని వాయిస్ పెడితే అది 'మొక్కలకు' అని రాసుకొని ఏవో కూరగాయల నారు గురించి చెప్పడం నేను కళ్లారా చూశాను. 'మందు' అంటే మన దగ్గర డీఏపీ ఎరువు బస్తా కూడా మందే, పురుగుమందు కూడా మందే. గుంట అంటే ఎకరంలో 40వ వంతన్న లెక్క దానికి ఒకసారి గుర్తుంటుంది, ఒకసారి ఉండదు.

అన్నిటికన్నా ప్రమాదం ట్యాంకు లెక్క. రైతు ఎప్పుడూ లీటరుకు ఎంత అని అడగడు, "ట్యాంకుకు ఎంత పొయ్యాలె" అంటాడు. మందు కొట్టే పంపుకుండే ఆ ట్యాంకు 16 లీటర్లదా, 25 లీటర్ల తైవాన్ పంపా? లేబుల్ మీద లీటరుకు 2 మిల్లీలీటర్లని ఉంటే మొదటిదానికి 32, రెండోదానికి 50 పోయాలి. మీ గుమాస్తా ఏ పంపు అని అడిగాకే చెప్తాడు. ఏఐ అడగకుండా ఏదో ఒక ట్యాంకు అనుకొని ఒక అంకె చెప్పేస్తుంది.

అందుకని అసలు వాడొద్దని కాదు. ఇప్పుడు నేను పెట్టే పద్ధతి ఇది. మీరు అమ్మే మందులు ఎన్ని రకాలుంటాయి, ఒక యాభై, అరవై? ప్రతి డబ్బా లేబుల్, లోపలి కరపత్రం చూసి ఏ పంటకు, ఏ పురుగుకు, ఎంత మోతాదు, కోతకు ఎన్ని రోజుల ముందు ఆపాలి అన్నవి ఒక పట్టికలో ఎక్కించండి. డబ్బా మీది త్రిభుజం రంగు కూడా రాయండి, ఎరుపా, పసుపా, నీలమా, ఆకుపచ్చా అని. మీ అబ్బాయికి వారం పని. ఆ వారంలో వాడు దుకాణం నేర్చుకుంటాడు, అది వేరే లాభం. తర్వాత ఏఐకి ఆ పట్టిక ఇచ్చి ఇలా చెప్పాలి: ఇందులో ఉన్నదే చెప్పు, లేనిది అడిగితే 'దుకాణానికి ఫోన్ చేయండి' అని మాత్రమే రాయి, పంపు సైజు తెలియకుండా ట్యాంకు మోతాదు చెప్పకు. అప్పుడు కూడా అది రాసేది చిత్తు ప్రతే. దాన్ని మీరో, మందుల గురించి చదువుకొని సర్టిఫికెట్ ఉన్న మీ మనిషో చదివి, పంపే బటన్ నొక్కాలి. మెసేజ్‌కు అర నిమిషం పడుతుంది. మొత్తం మీరే టైప్ చేస్తే పట్టే మూడు నాలుగు నిమిషాలతో పోలిస్తే ఇదే పెద్ద ఆదా.

దుకాణం వేళలు, స్టాక్ ఉందా లేదా, ధర ఎంత, ఇలాంటివి నేరుగా పోనివ్వొచ్చు. తప్పు పోయినా రైతుకు ఒక ట్రిప్పు దండగ, అంతకు మించి నష్టం లేదు. స్టాక్ పట్టిక మాత్రం ఏ రోజుకారోజు సరిచేయాలి, ముఖ్యంగా యూరియా కరువున్న రోజుల్లో. స్టాక్ ఉందని మెసేజ్ పోయి, పొద్దున్నే రైతులు లైన్ కట్టాక లేదంటే ఏమవుతుందో మీకు తెలుసు.

అనుమానం ఉన్న తెగులు ఫొటో వస్తే దాన్ని చూసి ఏఐ చెప్పే పేరు నమ్మొద్దు. వరంగల్‌లో వ్యవసాయ యూనివర్సిటీ పరిశోధన స్థానం ఉంది, మామునూరులో, మల్యాలలో కృషి విజ్ఞాన కేంద్రాలున్నాయి. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551 తెలుగులో మాట్లాడుతుంది. ఈ దారులు జవాబులోనే ఉండేలా పెట్టించండి.

ఒక్క విషయంలో మాత్రం ఏ మినహాయింపూ వద్దు. మందు కొట్టాక తల తిరుగుతోంది, వాంతులవుతున్నాయి, కళ్లు మసకగా ఉన్నాయి అని మెసేజ్ వస్తే ఏఐ చిట్కాలు చెప్పకూడదు. వెంటనే 108కి ఫోన్ చేయమని, మందు డబ్బా ఆసుపత్రికి తీసుకెళ్లమని ఒక్కటే జవాబు పోవాలి, మీ ఫోన్‌కు అలారం మోగాలి. అలాగే అప్పుల బాధతో ఉన్న మనిషి ఏదో మామూలు ప్రశ్నలా మెసేజ్ పెడతాడు. అందులో ఏముందో పసిగట్టేది ఏళ్ల తరబడి ఆ మనిషిని ఎరిగిన మీరే. ఆ ఒక్క కారణం చాలు, వచ్చే మెసేజ్‌లన్నీ మనిషి కంటపడాలనడానికి.

దగ్గరి జిల్లా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే నేను ఏఐకి వ్యతిరేకిని అనుకుంటారు. ఖమ్మం జిల్లాలో 'సాగు బాగు' పేరుతో రాష్ట్ర ప్రభుత్వం, ప్రపంచ ఆర్థిక వేదిక కలిసి 7,000 మంది మిర్చి రైతులతో ఒక ప్రయోగం చేశాయి. ఎకరం దిగుబడి 21 శాతం పెరిగిందని, పురుగుమందుల వాడకం 9 శాతం తగ్గిందని, ధర 8 శాతం ఎక్కువ పలికిందని నివేదిక ఇచ్చారు. అక్కడ ఫోన్‌లో సలహాలు ఒక్కటే లేవు. మట్టి పరీక్షలు చేశారు, మిర్చి నాణ్యత పరీక్షలు చేశారు, కొనేవాళ్లతో కలిపారు, వెనక మనుషులు పనిచేశారు. మీ దగ్గరికి వచ్చిన కంపెనీ ఇలాంటి ఫలితాలు చూపించి, అమ్మేది మాత్రం చాట్‌బాట్ ఒక్కటే అయితే, మిగతావన్నీ ఎవరు చేస్తారని అడగండి.

ఇక లెక్కలు. ఇక్కడ మీకు నిజంగా ప్రాణం హాయిగా ఉంటుంది. కంపెనీ బిల్లులు చూసి స్టాక్‌లో ఎక్కించడం, గడువు తీరబోయే మందుల జాబితా మూడు నెలల ముందే తీయడం, పాడైన స్టాక్ వాపసు కోసం కంపెనీకి లెటర్ రాయడం, ఆడిటర్ అడిగిన వివరాలు ఒక చోట పేర్చడం, వీటికి ఏఐ బాగా పనికొస్తుంది. తప్పు చేసినా బయటికి పోకముందే మీ కంటపడుతుంది. గడువు దాటిన పురుగుమందు అమ్మితే లైసెన్స్‌కే ముప్పు కాబట్టి, ఆ ఒక్క జాబితా కోసమైనా మొదలుపెట్టొచ్చు.

జాగ్రత్త ఒక్కటే, కూడికలు, వడ్డీలు దాంతో నేరుగా వేయించొద్దు. మాటలు అల్లే మిషన్ అది, క్యాలిక్యులేటర్ కాదు, పెద్ద లెక్కలో మధ్యలో ఎక్కడో ఒక అంకె జారుస్తుంది. ఎక్సెల్‌లో ఏ ఫార్ములా పెట్టాలో దాన్ని అడగండి, లెక్క ఎక్సెల్‌తో వేయించండి. మొదట పోయిన యాసంగిలో లెక్కలు ముగిసిన ఒక నెల తీసుకొని దాంతో చేయించి, మీ పుస్తకంతో సరిపోయిందో లేదో చూడండి. సరిపోయేదాకా కొత్త నెల ఇవ్వొద్దు.

లెక్కలంటే రైతుల వివరాలు అందులోకి పోతాయి కదా, అసలు భయపడాల్సింది అక్కడ. మీ ఖాతా పుస్తకం మామూలు పుస్తకం కాదన్నా. ఎవరు ఎన్నెకరాలు వేశారు, ఎవరికి ఎంత బాకీ, ఎవరి బిడ్డ పెళ్లికి ఆ ఏడు కట్టలేకపోయారు, అంతా అందులో ఉంటుంది. మండలంలో ఎవరి పరిస్థితి ఏమిటో చెప్పే ఆ పుస్తకం వడ్డీ వ్యాపారి చేతిలో పడినా, విత్తన కంపెనీ చేతిలో పడినా దాన్ని ఎలా వాడుకుంటారో ఊహించండి. రైతు ఆ వివరాలు మీ ముఖం చూసి ఇచ్చాడు.

పెద్ద కంపెనీలకే ఈ విషయంలో చేయి కాలింది. 2023లో శాంసంగ్ ఇంజనీర్లు తమ కంపెనీ కోడ్‌ను చాట్‌జీపీటీలో పెట్టడం బయటపడి, ఆ సంస్థ ఉద్యోగులకు అలాంటి టూల్స్‌ను నిషేధించింది. 2025 జనవరిలో మన కేంద్ర ఆర్థిక శాఖ కూడా ఆఫీసు కంప్యూటర్లలో చాట్‌జీపీటీ, డీప్‌సీక్ లాంటివి వాడొద్దని తన సిబ్బందికి ఉత్తర్వు ఇచ్చింది. వాళ్లకు ఫైళ్లు ఎంతో మీకు ఖాతా పుస్తకం అంత.

చట్టం కూడా వచ్చింది. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో చేశారు, దాని నియమాలు 2025 నవంబరులో ప్రకటించారు. వ్యాపారులు పాటించాల్సిన ముఖ్యమైన అంశాలకు 18 నెలల గడువు ఇచ్చారు. అందులో మీరు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. వివరాలు వేరే కంపెనీ చేతికిచ్చి పని చేయించినా, బాధ్యత వివరాలు సేకరించిన మీదే. రైతు తన వివరాలు ఎందుకు తీసుకుంటున్నారో తెలుగులో చెప్పమని కోరితే చెప్పాలి. రక్షణ సరిగా లేక వివరాలు బయటపడితే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా వేయొచ్చు. అంత మొత్తం మీలాంటి దుకాణానికి వేస్తారని కాదు, చట్టం దీన్ని ఎంత పెద్ద విషయంగా చూస్తోందో తెలియడానికి చెప్తున్నాను.

ఆచరణలో ఇలా చేయండి. ఆధార్ కార్డు, పట్టాదారు పాస్‌బుక్, బ్యాంకు ఖాతా ఫొటోలు ఏ ఏఐలోనూ పెట్టొద్దు, ఎంత తొందరున్నా పెట్టొద్దు. ఎరువుల అమ్మకానికి ఈ-పాస్ మిషన్ మీద వేలిముద్ర తీసుకునే పని వేరు, దాని వివరాలు దీంట్లోకి రావాల్సిన పనే లేదు. లెక్కలకు పేర్లు అక్కర్లేదు. ప్రతి ఖాతాకు ఒక నంబరు ఇవ్వండి, 'ఖాతా 214' అంటే ఎవరో చెప్పే పట్టిక మీ బీరువాలో ఉండనివ్వండి. గుమాస్తాలు సొంత ఫోన్లలో, ఉచిత యాప్‌లలో దుకాణం పని చేయకుండా దుకాణం పేరు మీద డబ్బు కట్టే ఒక ఖాతా తీసుకోండి. మన సంభాషణలతో మోడల్‌కు శిక్షణ ఇవ్వొద్దని సెట్టింగ్స్‌లో ఆపే వీలుంటుంది, అది ఆపి, ఆపినట్టు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఎవరైనా పని మానేసి వెళ్తే ఆ రోజే పాస్‌వర్డ్ మార్చండి. గల్లా తాళం చెవి అడిగి తీసుకుంటాం కదా, ఇదీ అంతే.

ఇప్పుడు ఉద్దెర. మీ అబ్బాయి వాదన నాకు అర్థమవుతుంది. పదేళ్ల ఖాతాలు ఇస్తే ఏఐ చూసి, ఎవరు సమయానికి కడతారో, ఎవరు ఎగ్గొడతారో మార్కులు వేస్తుంది, మొహమాటం ఉండదు అంటాడు. 2021 శీతాకాలం గుర్తు చేసుకోండి. నల్ల తామర పురుగు వచ్చి వరంగల్, ఖమ్మం ప్రాంతాల మిర్చి తోటలు పూత దశలోనే మాడిపోయాయి. ఎంత కొట్టినా ఆగలేదు, ట్రాక్టర్లు పెట్టి తోటలు దున్నేసినవాళ్లున్నారు. ఆ ఏడు మీ పుస్తకంలో ఎంతమంది బాకీ పడ్డారు? అందులో ఎంతమంది తర్వాత రెండు పంటల్లో కొంచెం కొంచెంగా కట్టారు? నా ఖాతాదారు దుకాణాల్లో చాలామంది కట్టారు. ఏఐకి అందులో నల్ల తామర పురుగు కనపడదు, '14 నెలలు ఆలస్యం' అన్న అంకె కనపడుతుంది. కష్టకాలంలో కూడా మాట నిలబెట్టుకున్న మనిషిని ఎగవేతదారుల వరుసలో నిలబెడుతుంది.

కౌలు రైతుల సంగతి ఇంకా ఘోరం. పాస్‌బుక్ ఉండదు, ఒక్కో ఏడు ఒక్కో ఊళ్లో భూమి పట్టి చేస్తారు, కొన్నిచోట్ల ఖాతా భూమి యజమాని పేరు మీదే ఉంటుంది. లెక్కల్లో లేని మనిషికి ఏఐ సున్నా మార్కులు వేస్తుంది. ఒంటరిగా సాగు చేస్తున్న ఆడవాళ్లదీ అదే పరిస్థితి. ఖాతా చనిపోయిన భర్త పేరు మీదే నడుస్తుంటుంది. కంప్యూటర్ తీర్పు పేదవాళ్ల మీద ఎలా పడుతుందో మన రాష్ట్రంలోనే చూశాం. వేర్వేరు రికార్డులు కలిపి చూసే 'సమగ్ర వేదిక' వ్యవస్థ ఆధారంగా రేషన్ కార్డులు తీసేసినప్పుడు, కారు లేనివాళ్లకు కారున్నట్టు చూపి కార్డు దక్కని కుటుంబాలున్నాయి. లక్షల్లో రద్దయిన ఆ కార్డులను మళ్లీ క్షేత్రస్థాయిలో పరిశీలించాలని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. తప్పు జరిగినప్పుడు ఎవరిని అడగాలో కూడా ఆ జనానికి తెలియలేదు. మీ దుకాణంలో కాదన్న రైతు కనీసం మీ ముఖం చూసి "ఎందుకు సేటూ" అని అడగగలగాలి, మీరు కారణం చెప్పగలగాలి. "కంప్యూటర్ వద్దన్నది" అని చెప్పే రోజు మీ దుకాణానికి రాకూడదని నా కోరిక.

బాకీల జాబితా తీయడానికి, తేదీలు గుర్తు చేయడానికి వాడుకోండి. గుర్తుచేసే మెసేజ్ మాత్రం మీరు చదివి పంపండి. ఏఐ రాస్తే బ్యాంకు నోటీసులా వస్తుంది. మన దగ్గర "పంట ఎట్లుంది, వీలున్నప్పుడు ఒకసారి రా" అంటే చాలు, మనిషి వస్తాడు.

విత్తనాల ప్రచారానికి ఏఐ బొమ్మల సంగతి కూడా అడిగారు. దుకాణం బోర్డుకు, బతుకమ్మ శుభాకాంక్షలకు చేయించుకోండి, ఇబ్బంది లేదు. ఫలానా విత్తనం వేస్తే ఇలా కాస్తుందని ఏఐతో చెట్టు నిండా కాయలున్న బొమ్మ చేయించి స్టేటస్ పెట్టడం మాత్రం మోసమే. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల దాకా జరిమానా ఉంది. మన వరంగల్ చపాట మిర్చికి 2025లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చాక ఆ పేరుతో విత్తనం అమ్మేవాళ్లు పెరిగారు. మీరు మాత్రం నిజమైన పొలంలో, రైతును అడిగి తీసిన ఫొటోనే పెట్టండి.

మోసగాళ్లు కూడా ఇవే టూల్స్ వాడుతున్నారు. తెలిసిన డీలర్ గొంతుతోనే ఫోన్ చేసి "ఈసారి డబ్బు కొత్త ఖాతాలో వేయి" అంటే, పెట్టేసి మీ దగ్గరున్న పాత నంబరుకు మీరే తిరిగి ఫోన్ చేయండి. పీఎం కిసాన్ పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లు, అంటే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైళ్లు, దుకాణం ఫోన్‌లో ఎవరూ తెరవొద్దు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, తొలి గంటల్లో చెప్తే ఆపే అవకాశం ఎక్కువ.

మీ గుమాస్తా గురించి కూడా రాశారు, 15 ఏళ్లుగా ఉన్నాడు, ఇదంతా విని తన పని పోతుందేమోనని ముభావంగా ఉంటున్నాడని. ఆయన్ని ముందు కూర్చోబెట్టి మాట్లాడండి. నేను పైన చెప్పిన పద్ధతిలో ఆయన లేకపోతే ఏదీ నడవదు. ఏ రైతు ఏ మాటకు ఏ అర్థంతో అంటాడో తెలిసిన మనిషి ఆయన. చిత్తు జవాబులు సరిచేసే పని ఆయనకే ఇవ్వండి. సరిచేసిన ప్రతి తప్పూ ఒక నోటు పుస్తకంలో రాయమనండి: రైతు ఏమడిగాడు, ఏఐ ఏం రాసింది, సరైనది ఏమిటి. నెల తిరిగేసరికి ఆ పుస్తకం చూసే మీకు తెలుస్తుంది, దీన్ని ఎంతవరకు నమ్మొచ్చో. జీతం పెంచితే ఇంకా మంచిది, పని పెరుగుతోంది కాబట్టి.

సమయం కూడా చూసుకోండి. వానాకాలం సీజన్ ఎత్తుకున్నాక, జూన్‌లో కౌంటర్ ముందు జనం కిటకిటలాడుతున్నప్పుడు కొత్తది ఏదీ మొదలుపెట్టొద్దు. మిర్చి అమ్మకాలు సద్దుమణిగి దుకాణం కాస్త ఖాళీగా ఉండే ఏప్రిల్, మే నెలల్లో లెక్కలతో మొదలుపెట్టండి. జవాబుల పని మిర్చి నాట్ల తర్వాత, అప్పటికి లేబుళ్ల పట్టిక తయారుగా ఉంటేనే.

కంపెనీ వాళ్లు మళ్లీ వస్తే సంతకం పెట్టకముందే ఇవన్నీ కాగితం మీద రాయించుకోండి: మా వివరాలు ఎక్కడ దాస్తారు, వాటితో మీ మోడల్‌కు శిక్షణ ఇస్తారా, వేరే ఎవరికైనా ఇస్తారా, మేం మానేస్తే ఎన్ని రోజుల్లో చెరిపేస్తారు, తప్పు జవాబు పోతే మీ వంతు బాధ్యత ఎంత. నోటిమాటగా "అదంతా సేఫ్ సార్" అంటే ఒప్పుకోవద్దు.

వాళ్ల డెమో అయ్యేటప్పుడు వాళ్లు తెచ్చిన ప్రశ్నలు అడగనివ్వకండి. మీ గుమాస్తాతో, ఫోన్ ఆయన చేతికే ఇచ్చి, ఆయన మాటలోనే వాయిస్ మెసేజ్‌లు పెట్టించండి. ఒకటి, మిర్చికి కింది ముడత వచ్చింది ఏం కొట్టాలె అని. ఇంకొకటి, మక్కలకు రెండో దఫా మందు ఎప్పుడెయ్యాలె, నాది ఎకరం పది గుంటలు అని. మూడోది, తైవాన్ పంపు ట్యాంకుకు ఎంత పొయ్యాలె అని, మందు పేరు చెప్పకుండా. మూడోదానికి అది ఏ మందని తిరిగి అడగకుండా ఒక అంకె చెప్పిందంటే ఆ రోజుకు వాళ్లను పంపించేయండి. మూడు జవాబుల స్క్రీన్‌షాట్లు ఇక్కడ పెట్టండి, రైతు నంబరు, పేరు కనపడకుండా. చూసి చెప్తాను.